కళ పరువు తీసిన పెద్దాయన

కళంటే భయభక్తులున్న మర్యాదస్తులందరి తరఫునా ఈ అభియోగం మోపుతున్నాను. ముద్దాయి పేరు కత్సుషిక హొకుసాయ్. వృత్తి, బొమ్మలు గీయడం. పుట్టింది 1760లో, అప్పట్లో 'ఎదో' అని పిలిచే ఇప్పటి టోక్యోలో. 1849లోనే కాలం చేశాడు కనుక విచారణకి హాజరు కాలేడు. అయినా నేరం నేటికీ కొనసాగుతోంది కాబట్టి చూస్తూ ఊరుకోలేం.

నేరం ఇదీ. 1831 ప్రాంతంలో ఈయన కనగవా తీరాన ఓ పెద్ద అల లేపాడు, కాగితం మీద, చెక్క అచ్చు బొమ్మగా. మామూలు అలైతే లేచి, విరిగి, ఇసకలో ఇంకి, తన దారిన తను పోవాలి. ఇది పోలేదు. టీషర్టులెక్కింది, మేజోళ్ళకెక్కింది, కాఫీ కప్పుల చుట్టూ తిరిగింది. సర్ఫింగ్ బట్టలమ్మే క్విక్‌సిల్వర్ వాళ్ళ చిహ్నంలో దూరింది. 2023లో లెగో ముక్కలుగా పెట్టెలో చేరింది. ఫోన్లో అల ఎమోజీ నొక్కి చూడండి, చాలా ఫోన్లలో ఈయన అలకి చిన్న తమ్ముడే తల వంచుకుని కనిపిస్తాడు. మాదాపూర్‌లో కొత్తగా కాఫీ షాపు తెరిచేవాడికి కాఫీ గింజలు ఇంకా రాకపోయినా గోడ మీద అల మాత్రం వచ్చేస్తుంది.

ఇంత గొప్ప కళాఖండాన్ని ఇలా సంతలో పెట్టిన దుర్మార్గులెవరా అని కూపీ లాగాను. నేటి కార్పొరేట్ల పనే అయ్యుంటుందని గట్టిగా నమ్మాను. తీగ లాగితే డొంకంతా ముద్దాయి ఇంటికే దారితీసింది.

ఆ బొమ్మ పుట్టడమే సంతలో పుట్టింది. అచ్చు వేయించినవాడు నిషిమురాయ యొహచి అనే ప్రచురణకర్త, అంటే పక్కా వ్యాపారి. అప్పటికి బెర్లిన్‌లో పుట్టిన ప్రష్యన్ నీలం రంగు జపాన్‌లో చవగ్గా దొరకడం మొదలైంది. జనానికి ఆ నీలమంటే మోజు. యొహచి వెంటనే ఫుజి పర్వతం బొమ్మలు నీలం రంగులో తెస్తున్నామని ప్రకటన వేయించాడు. పేరుకి ముప్పై ఆరు దృశ్యాలు, గిరాకీ ఉంటే నూరు దాటినా ఆశ్చర్యం లేదని అదే ప్రకటనలో ముందే చెప్పేశాడు. చివరికి 46 దగ్గర ఆగాయి. మన అల వాటిలో ఒకటి. ముప్పై ఆరని పేరు పెట్టి నలభై ఆరు అమ్మడమంటే, ఏ సీరియల్ నిర్మాతకైనా కళ్ళు చెమర్చవలసిన ఘట్టం. ఒక్కో బొమ్మ ధర ఎంతనుకున్నారు? కాస్త అటూ ఇటూగా ఓ గిన్నె నూడుల్స్ ఖరీదు, మహా అయితే రెండు గిన్నెలు.

పోనీ, అసలు బొమ్మనైనా పదిలంగా దాచారా అంటే, అదీ లేదు. ఈ అచ్చు పనిలో చిత్రకారుడు పల్చటి కాగితం మీద గీసిస్తాడు. దాన్ని చెర్రీ చెక్క మీద బోర్లా అతికిస్తారు. చెక్కేవాడు ఆ కాగితంతో సహా గీతల చుట్టూ చెక్కేస్తాడు. అంటే హొకుసాయ్ కుంచె నేరుగా తగిలిన ఆ కాగితం, అచ్చుకి వాడే చెక్క దిమ్మ తయారయ్యేసరికే పొట్టులో పొట్టయిపోయింది! ఆ తర్వాత రంగుకో దిమ్మ చొప్పున పెట్టి, అచ్చు కొట్టేవాడు వేల కాపీలు కొట్టాడు. దిమ్మ అరిగేకొద్దీ గీతలు అక్కడక్కడా తెగాయి. ఇప్పుడు పండితులు భూతద్దం పట్టుకుని, ఏ కాపీలో ఏ గీత ఎక్కడ తెగిందో చూసి, ఇది ముందుది, అది వెనకది అని తేలుస్తున్నారు. లండన్, న్యూయార్క్, షికాగో మ్యూజియాలన్నిటి దగ్గరా ఉన్నది 'అసలే'. అన్నీ కాపీలే, అన్నీ అసళ్ళే. ఇంతకంటే పరువు తక్కువ ఏముంటుంది?

ముద్దాయి నడవడి గురించి చెప్పాలంటే ఇంకా సిగ్గేస్తుంది. జీవితంలో ముప్పైకి పైగా పేర్లు మార్చాడు. పాతబడ్డ పేర్లని శిష్యులకిచ్చేసేవాడు. ఆ అల బొమ్మ మీద ఎడమ మూలన సంతకం చూడండి: 'పూర్వం హొకుసాయ్, ఇప్పుడు ఇయిత్సు' అన్న అర్థంలో ఉంటుంది. ప్రపంచమంతా తలకెత్తుకోబోయే పేరుని ఆయన ఆ బొమ్మ వేసేనాటికే వదిలించుకున్నాడన్నమాట. బ్రాండ్ నిపుణులెవరూ ఈ పేరా చదవకండి, గుండెకి మంచిది కాదు. ఇళ్ళయితే 93 సార్లు మారాడంటారు. ఇల్లు ఊడ్చుకోవడం కంటే ఖాళీ చేయడం తేలికని ఆయన సిద్ధాంతమట. పైగా, డెబ్భై దాటాక రాసుకున్న మాట: డెబ్భైకి ముందు గీసినవేవీ లెక్కలోకి రావు, నూట పదేళ్ళు వస్తే నా ప్రతి చుక్కా, ప్రతి గీతా ప్రాణం పోసుకుంటుంది అని. మన దగ్గర రెండో సినిమాకే లెజెండ్ అయిపోతున్నవాళ్ళని కించపరచడం కాకపోతే ఇదేం మాట?

యూరప్ వాళ్ళైనా కాస్త మర్యాదగా చూసుకుంటారనుకున్నాం. ఫ్రెంచి చిత్రకారుడు మోనే ఈయన బొమ్మల్ని తన జివెర్నీ ఇంటి గోడలకి తగిలించుకున్నాడు, బాగానే ఉంది. డచ్చి చిత్రకారుడు వాన్ గో తన తమ్ముడికి ఉత్తరం రాస్తూ, ఆ అలలు పంజాలు, పడవ వాటిలో చిక్కుకుంది అన్నాడు, అదీ బాగానే ఉంది. కానీ 1905లో ఫ్రెంచి స్వరకర్త డెబుస్సీ సముద్రం మీద కట్టిన సంగీతాన్ని అచ్చేసినప్పుడు అట్ట మీదికి ఈ అలనే తెచ్చి, ఫుజినీ పడవల్నీ తీసి పారేశారు. ఇక్కడొక్క నిమిషం నాటకం ఆపుతాను. బొమ్మలో ఉన్నవి మూడు పడవలు, చేపల రవాణాకి వాడే వడి పడవలు. వాటిలో మనుషులు వరసగా తెడ్లకి అతుక్కుని, తలలు వంచుకుని, అల పడబోయే క్షణంలో ఒకరినొకరు ఆనుకుని ఉన్నారు. వాళ్ళ వెనక ఫుజి, జపాన్ అంతా దణ్ణం పెట్టే కొండ, ఇంకో చిన్న అల అన్నంతే ఉంది. నూడుల్స్ డబ్బులు పెట్టి ఈ బొమ్మ కొన్నవాళ్ళూ మామూలు జనమే. ఇవాళ టీషర్టుల్లో సగం వాటి మీద ఆ మనుషులు లేరు. అల ఒక్కతే ఉంది, ఎవరి మీద పడుతోందో తెలీకుండా.

సరే, మళ్ళీ ఫిర్యాదులోకి. ఆశ చావక వేలంపాటల వైపు చూశాను. 2023 మార్చిలో న్యూయార్క్ క్రిస్టీస్‌లో ఒక కాపీ సుమారు 27.6 లక్షల డాలర్లకి పోయింది. మన లెక్కలో ఇరవై కోట్ల పైమాటే. హమ్మయ్య, కళ ఇన్నాళ్ళకి దాని స్థానంలోకి చేరింది, ఇక సామాన్యుడి చెయ్యి తగలదు అని నిశ్చింతగా పడుకున్నాను.

జపాన్ వాళ్ళు పడుకోనివ్వలేదు. 2024 జులై 3న కొత్త వెయ్యి యెన్‌ల నోటు విడుదల చేశారు. వెనక్కి తిప్పితే మన అల! అక్కడున్న నోట్లన్నిట్లో చిన్నది, చేతులు బాగా మారేది ఇదే. కళాఖండాన్ని మడిచి ప్యాంటు జేబులో పెట్టుకోవడానికి సర్కారే అనుమతించింది.

ఆ నోటుకి ఎంతొస్తుందో విచారించాను. అక్కడ రామెన్ అనే నూడుల్స్ అమ్మే హోటళ్ళవాళ్ళకి 'వెయ్యి యెన్‌ల గోడ' అని ఒక బెంగ ఉంది. గిన్నె ధర వెయ్యి దాటితే జనం రారని భయం. కనక కిందామీదా పడి ఆ లోపే ఉంచాలని చూస్తారు. అంటే దాదాపు రెండు వందల ఏళ్ళ తర్వాత కూడా అల ధర ఓ గిన్నె నూడుల్సే. తేడా ఒక్కటే: అప్పుడు నూడుల్స్ డబ్బులిచ్చి అలని ఇంటికి తెచ్చుకునేవాళ్ళు, ఇప్పుడు అలని గల్లాపెట్టెలో వేసి నూడుల్స్ తిని వస్తున్నారు.