ముట్టడిలో కొన్న పొలం

బబులోను సైన్యం యెరూషలేమును చుట్టుముట్టి ఉంది. లోపల కరువు, తెగులు. రాజు ఆజ్ఞతో ఖైదులో ఉన్న యిర్మీయా ప్రవక్త సరిగ్గా అప్పుడే 17 తులాల వెండి తూచి ఇచ్చి, అనాతోతులో తన చిన్నాన్న కొడుకు పొలం కొన్నాడు. సాక్షుల చేత సంతకాలు పెట్టించి, క్రయపత్రాన్ని చాలాకాలం పాడవకుండా మట్టికుండలో దాచమన్నాడు. క్రీస్తుపూర్వం 587 ప్రాంతంలో జరిగిన సంగతి ఇది. పట్టణం కూలిపోతుందని చెప్పి దెబ్బలు తిన్నవాడు కూడా ఆయనే. కూలిపోయాక సైతం ఆ దేశంలో ఇళ్లూ పొలాలూ మళ్లీ కొంటారన్న దేవుని మాటను నమ్మి వెండి తూచాడు. క్రైస్తవులు నిరీక్షణ గురించి మాట్లాడేటప్పుడు ఆ క్రయపత్రం దగ్గర కాసేపు ఆగాలని మేం కోరుకుంటాం.

యుద్ధాలు, పోయిన ఉద్యోగాలు, తీరని అప్పులు, రేపటి గురించిన టెన్షన్ మధ్య చాలామంది విశ్వాసులు ‘దేవుడు చూస్తున్నాడా?’ అని లోలోపల అడుగుతున్నారు. అలా అడగడం అవిశ్వాసమని ఎవరూ గద్దించకూడదు. ‘ఎంతకాలం?’ అని మొరపెట్టిన 13వ కీర్తన ప్రార్థనల పుస్తకంలోనే ఉంది. ఏడ్చేవాడి పక్కన కూర్చుని ఏడవమనే లేఖనం చెబుతోంది.

మాకు ఆందోళన కలిగించేది ఇంకొకటి. కష్టకాలంలో సంఘాలు లోపలికి ముడుచుకుపోతాయి. ఆదాయం తగ్గగానే బీదల కోసం తీసే సొమ్మునే ముందు కోస్తారు. మన పరిస్థితి బాగుపడ్డాక చూద్దాం అంటారు. మొదటి శతాబ్దంలో మాసిదోనియ సంఘాలు అలా అనుకోలేదు. తామే తీవ్రమైన శ్రమల్లో, నిరుపేదరికంలో ఉండి కూడా యెరూషలేములోని బీద విశ్వాసులకు సాయం చేసే భాగ్యం తమకూ ఇమ్మని పౌలును బతిమాలుకున్నాయి. ఇవ్వడానికి మంచి రోజులు రావాలని అవి ఎదురుచూడలేదు.

క్రీస్తుశకం 369 ప్రాంతంలో కప్పదొకియలోని (నేటి టర్కీలో ఉంది) కైసరయలో భయంకరమైన కరువు వచ్చింది. ధర ఇంకా పెరుగుతుందని వ్యాపారులు ధాన్యం దాచారు. అప్పటికి బిషప్ కూడా కాని బాసిల్ అనే పాదిరి ఆ గిడ్డంగులు తెరిపించేదాకా ప్రసంగించాడు. నీ దగ్గర దాచుకున్న రొట్టె ఆకలిగొన్నవాడిది అని ధనవంతుల ముఖం మీదే చెప్పాడు. అక్కడితో ఆగితే మంచి ప్రసంగీకుడిగా మిగిలేవాడు. ఆకలితో ఉన్నవాళ్లను ఒకచోట చేర్చి, పెద్ద పాత్రల్లో పప్పు వండించి, తానే వడ్డించాడు. తర్వాత పట్టణం వెలుపల రోగులకూ బాటసారులకూ, అందరూ వెలివేసిన కుష్ఠురోగులకూ ఆశ్రయం కట్టించాడు. వాళ్లను ఆలింగనం చేసుకునేవాడని ఆయన స్నేహితుడు గ్రెగొరీ చెప్పాడు. మా దృష్టిలో ఆ కట్టడం కన్నా ఆ ఆలింగనమే గొప్పది.

ఆ కరువుకు కొన్నేళ్ల ముందే, 362లో, క్రైస్తవ్యాన్ని వ్యతిరేకించిన రోమా చక్రవర్తి జూలియన్ తన పూజారికి రాసిన ఉత్తరంలో, వీళ్లు తమ బీదలనే కాక మన బీదలను కూడా పోషిస్తున్నారని వాపోయాడు. ఆ ఫిర్యాదు ఈనాటి సంఘాల మీద కూడా రావాలని మా కోరిక. సాయం అందుకునే మనిషి ఏ మతమో, ఆదివారం వస్తాడో రాడో చూసే కనికరం క్రీస్తుది కాదు. మత్తయి 25వ అధ్యాయంలో ఆయన ఆకలిగొన్నవాళ్లలో, ఖైదీల్లో, పరదేశుల్లో తనను చూడమన్నాడు. అక్కడ వేరే షరతు ఏమీ పెట్టలేదు.

బట్టల్లేనివాడితో ‘సమాధానంగా వెళ్లు, చలి కాచుకో’ అని పంపేస్తే ఏం లాభం అని యాకోబు అడిగాడు. ‘మీ కోసం ప్రార్థిస్తాం’ అన్న మాట చాలాసార్లు అలాగే మిగిలిపోతోంది. ప్రార్థించండి. ఆ ఇంట్లో బియ్యం ఉన్నాయో లేవో, మందులు కొన్నారో లేదో కూడా కనుక్కోండి. ఇచ్చేటప్పుడు ఫొటోలు తీయకండి. కుడిచెయ్యి చేసేది ఎడమచేతికి తెలియకూడదన్న ప్రభువు మాట సెల్‌ఫోన్ కాలానికీ వర్తిస్తుంది. పేదవాడి ముఖం మన దాతృత్వానికి పోస్టర్ కారాదు.

అడగడానికి సిగ్గుపడి తలుపు మూసుకున్న కుటుంబాలే ఇప్పుడు ఎక్కువ కష్టంలో ఉన్నాయి. కాపరులూ పెద్దలూ ఈ వారమే ఆ ఇళ్లకు వెళ్లాలి. వచ్చే కమిటీ సమావేశంలో ఏ ఖర్చు తగ్గించాల్సి వచ్చినా, బీదల సొమ్ము జోలికి మాత్రం వెళ్లకూడదు.