‘వరకు’ మాహాత్మ్యం

నేను ముప్పై రెండేళ్లు పిల్లలకు లెక్కలు చెప్పి బతికినవాణ్ణి. తొట్టిని రెండు కుళాయిలు నింపుతుంటే మూడోది ఖాళీ చేసే లెక్కలో నన్ను మించినవాడు మా కావలిలో లేడని ఒకప్పుడు అనుకునేవాణ్ణి. ఆ గర్వం 499 రూపాయల దగ్గర అణిగింది.

మేముండేది ముసునూరు వైపు. మా వీధికి ఇంటర్నెట్ తీగ లాగిన కంపెనీ ఒక్కటే ఉంది. మిగతావాళ్లకు ఫోన్ చేస్తే పిన్‌కోడ్ అడిగి, ఇంటి గుర్తులు అడిగి, చివరికి “మీ ఏరియాకు ఫీజిబిలిటీ లేదు సార్” అని, పిల్ల నచ్చని పెళ్లివారు జాతకాలు కుదరలేదని చెప్పినంత మర్యాదగా చెప్పేవారు. 1995 ఆగస్టు 15న ఈ దేశంలో జనానికి ఇంటర్నెట్ మొదలైనప్పుడు అమ్మేది విదేశ్ సంచార్ నిగమ్ ఒక్కటే. 1998లో ప్రైవేటువారికి తలుపులు తీశారని అంటారు కానీ, ఆ తలుపు గాలి మా వీధి దాకా ఇంకా వీచలేదు.

మా ఇంటి ఎదురు కరెంటు స్తంభానికి ఆ కంపెనీవారు బోర్డు కట్టారు. “నెలకు 499 మాత్రమే”, “100 ఎంబీపీఎస్ వరకు”, “అన్‌లిమిటెడ్”, “ఇన్‌స్టాలేషన్ ఉచితం” అని దాని మీద ఉంది. 100 అనే అంకె వీధి చివరి టీ కొట్టు నుంచి కూడా కనిపిస్తుంది. ‘వరకు’ అనే మాటను చదవాలంటే మాత్రం స్తంభాన్ని కౌగిలించుకోవాలి. వయసు రీత్యా నేను ఆ సాహసం చేయలేదు.

ఇన్‌స్టాలేషన్ ఉచితమే, అయితే ఆరు నెలల డబ్బు ముందుగా కడితేనట. 499ని ఆరుతో గుణిస్తే 2,994 రూపాయలు. దానిమీద 18 శాతం జీఎస్టీ 538 రూపాయల 92 పైసలు. వెరసి 3,532 రూపాయల 92 పైసలు. అంటే నెలకు పడేది 499 కాదు, దాదాపు 589. “బోర్డు మీద మాత్రమే అని రాశారు కదా” అని అడిగితే, డబ్బు వసూలుకు వచ్చిన కుర్రాడు “మాత్రమే అంటే ట్యాక్సు కాకుండా మాత్రమే సార్” అని వివరించాడు. ముప్పై రెండేళ్లలో ఇంత శుభ్రంగా సమాధానం చెప్పిన విద్యార్థి నాకు దొరకలేదు.

కట్టాక కొన్నాళ్లు నేను ఏమీ గమనించలేదు, ఎందుకంటే నా అవసరమంతా ఉదయం పంచాంగం, సాయంత్రం వార్తలు. పైగా బెంగళూరులో ఉన్న మా అల్లుడికి ఫోన్ చేసి “మా ఇంట్లో వంద ఉంది అల్లుడుగారూ, మే నెలలో ఇక్కడికే వచ్చి పని చేసుకోండి” అని గొప్పలు పోయాను. ఆయన నమ్మి వచ్చారు. అత్తగారు మామిడికాయ వేసి వండే చేపల పులుసు కూడా ఆ నమ్మకంలో కొంత భాగమని నా అనుమానం.

వచ్చిన మర్నాడు పదకొండు గంటలకు ఆయనకు ఆఫీసు మీటింగు. హాల్లో ల్యాప్‌టాప్ పెట్టుకుని, పైన ఇస్త్రీ చొక్కా, కింద లుంగీతో కూర్చున్నారు. ఐదు నిమిషాలకల్లా తెర మీద ఆయన బొమ్మ, తుమ్ము రాబోతూ ఆగిపోయిన మనిషిలా, ఒక కన్ను మూసి నోరు తెరిచి బిగుసుకుపోయింది. అంతా ఆగిపోయిందనుకుని అల్లుడుగారు వెనక్కి వాలి, స్వచ్ఛమైన తెలుగులో “మామయ్యా, వంద అన్నారు, నాలుగు కూడా రావడం లేదు. మీకెవరో బాగా కుచ్చుటోపీ పెట్టారు” అన్నారు. అదే సమయానికి వంటింట్లోంచి మా ఆవిడ “ఏమండీ, అల్లుడుగారికి తల ముక్క ఇష్టమేనా కనుక్కోండి” అని కేక వేసింది.

బొమ్మ పోవడానికి కావలసినంత మార్గం మాటకు అవసరం లేదట. సన్నని దారిలో లారీ ఇరుక్కున్నా సైకిలు దూరిపోయినట్టు, బొమ్మ ఆగినా మాట మాత్రం నిక్షేపంగా బెంగళూరు చేరింది. కాసేపటికి అటునుంచి ఆయన పై అధికారి గొంతు వినిపించింది. “కావలేనా? మాది ఒంగోలబ్బయ్యా. మా నాన్న ఇంట్లోనూ అదే బోర్డు, అదే నాలుగు.” తరువాత పది నిమిషాల పాటు ఆ మీటింగులో నెల్లూరు, ప్రకాశం జిల్లాల ఇంటర్నెట్ గురించి తప్ప మరో విషయం నడవలేదు. తెలుగు రాని మిగతా ఆరుగురు అది ప్రాజెక్టు విషయమే అనుకుని బుద్ధిగా తలలూపారని అల్లుడుగారు చెప్పారు.

ఆ మధ్యాహ్నం ఆయన నన్ను కూర్చోబెట్టి కొలతలు నేర్పారు. వందలో ఉన్నది మెగాబిట్లట, మెగాబైట్లు కావట. ఎనిమిది బిట్లు కలిస్తే ఒక బైటు కాబట్టి, వంద నిండా వచ్చినా సెకనుకు దిగేది పన్నెండున్నర మెగాబైట్లేనట. మా జిల్లాలో ఒక పుట్టి ధాన్యమంటే 850 కిలోలని బడికి వెళ్లని వాడికి కూడా తెలుసు. కాటా దగ్గర అదనంగా బస్తా లాగితే రైతు ఊరుకోడు. ఇక్కడ కొలత పేరు తెలియక నేను ఆరు నెలల డబ్బు ముందే పోశాను. మనవరాలి డాన్సు వీడియో ఒక జీబీ ఉంది. వంద లెక్కన అది ఎనభై సెకన్లలో దిగాలి, నాలుగు లెక్కన ముప్పై మూడు నిమిషాలు పట్టింది. డాన్సు ఏడు నిమిషాలు.

అన్‌లిమిటెడ్ అనే మాటకు కూడా ఒక తోక ఉంది. నెలకు 3,300 జీబీ దాటితే వేగం తగ్గిస్తారట. నేను కాగితం తీసి లెక్క వేశాను. నాలుగు చొప్పున ముప్పై రోజులూ రాత్రింబవళ్లు ఆపకుండా తిప్పినా 1,300 జీబీ దాటదు. ఎంత తిన్నా హద్దును తాకే వీలే లేదు కాబట్టి, అది అన్‌లిమిటెడ్ అన్న మాటను నేనే రుజువు చేసినట్టయింది. మెస్సులో ఫుల్ మీల్స్ అని కూర్చోబెట్టి, అన్నం గరిటె బదులు టీ చెంచా తెచ్చిన సామెత.

కస్టమర్ కేర్‌కు ఫోన్ చేస్తే, తెలుగుకు రెండు నొక్కమన్న గొంతు పద్దెనిమిది నిమిషాలు సంగీతం వినిపించి ఒక డాకెట్ నంబరు, అంటే ఫిర్యాదు నంబరు, ఇచ్చింది. దాంతో తృప్తి పడకపోతే అప్పీలు చేసుకోవచ్చని, దాన్ని 39 రోజుల్లో తేల్చాలని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నిబంధన ఉంది. ఆ అప్పీలు విని తేల్చేది మాత్రం మళ్లీ ఆ కంపెనీలోని విభాగమే. కోడలి మీద ఫిర్యాదును కోడలి పుట్టింట్లో విచారించినట్టు.

మూడో రోజు టెక్నీషియన్ కుర్రాడు వచ్చాడు. రౌటర్ వెనక నుంచి తన ల్యాప్‌టాప్‌కు తీగ గుచ్చి స్పీడ్ టెస్టు పెట్టాడు. ముల్లు లేచి 94 దగ్గర నిలిచింది. “బానే ఉందే సామీ” అన్నాడు. అల్లుడుగారు అతని భుజం మీదుగా వంగి చూసి, ఆ పరీక్ష కంపెనీవారి సొంత సర్వరుతోనే జరుగుతోందని పట్టుకున్నారు; బయటి ఊరి సర్వరు పెట్టించగానే ముల్లు నాలుగు దగ్గర నీరసంగా ఊగింది. అంటే మా ఇంటి నుంచి కంపెనీ దాకా రాజమార్గం, అక్కడి నుంచి లోకంలోకి పిల్లబాట. కుర్రాడేమీ కంగారు పడలేదు. “వంద వరకు అన్నారు సార్. నాలుగు కూడా వంద లోపలే కదా” అన్నాడు. లెక్కల మాస్టారుగా నేను కాదనలేకపోయాను.

అతను వెళ్లాక భోజనానికి కూర్చున్నాం. అల్లుడుగారి కంచంలో ముక్కలు పులుసులోంచి కొండల్లా లేచి ఉన్నాయి. నా గిన్నెలో గరిటె తిప్పి చూస్తే ఒక్క తోక ముక్క, అది కూడా సగం విరిగినది, మామిడి టెంక చాటున దాక్కుని తగిలింది.

“నాకు నాలుగు ముక్కలు ఉంచానన్నావు కదా” అన్నాను.

“నాలుగు వరకు అన్నానండీ” అంది మా ఆవిడ.