పెట్టుకుంటేనే నగ

నగ అనగానే ఎన్ని గ్రాములు, రేటెంత అని అడగడం అలవాటైపోయింది. మనిషి నగ పెట్టుకోవడం మొదలుపెట్టిన రోజుల్లో ఈ రెండు ప్రశ్నలకూ అర్థమే లేదు.

మొరాకోలోని బిజ్మూన్ గుహలో దొరికిన 33 పూసలే చూడండి. అర అంగుళం ఉండే సముద్రపు నత్తగుల్లలు, వయసు 1,42,000 నుంచి 1,50,000 ఏళ్లు. గుల్లకో చిల్లు, దాని చుట్టూ రాపిడి గుర్తులు, అంటే ఎవరో వాటిని దారానికో ఒంటి మీది తోలుకో తగిలించుకుని చాలాకాలమే తిరిగారు. తీరాన ఊరికే దొరికే గుల్ల కోసం అంత శ్రమ ఎందుకు? ఎదురొచ్చినవాళ్లకు నేను ఫలానా అని నోరు తెరవకుండానే చెప్పడానికి, నాకైతే అదే అనిపిస్తుంది.

బంగారం వచ్చాక లెక్క మారింది. బల్గేరియాలోని వర్నాలో 1972లో బయటపడ్డ, దాదాపు 6,500 ఏళ్ల నాటి శ్మశానంలో ఒక్క మగమనిషి సమాధిలోనే కిలోకు పైగా బంగారం ఉంది, చాలా సమాధుల్లో రవ్వంత కూడా లేదు. నగ హోదా అయ్యాక దాని మీద పెత్తనమూ మొదలైంది. యుద్ధం పేరు చెప్పి రోమ్ క్రీ.పూ. 215లో ఆడవాళ్ల దగ్గర అర ఔన్సుకు మించి బంగారం ఉండకూడదని చట్టం చేసింది, యుద్ధం ముగిసినా దాన్ని తీసేయలేదు, చివరికి ఆడవాళ్లే వీధుల్లోకొచ్చి పట్టుబట్టాక క్రీ.పూ. 195లో రద్దయింది. నగల మోజు అని తీసిపారేసేవాళ్లు ఈ సంగతి తెలుసుకోవాలి. మగవాళ్లకు నగలేంటి అనేవాళ్లేమో ఇంగ్లండ్ రాజు ఒకటో చార్లెస్ చిత్రాలు చూస్తే చాలు, చెవికి ముత్యం వేలాడుతుంటుంది.

వజ్రం శాశ్వతం అన్న మాట కూడా శతాబ్దాల నాటిదేం కాదు, డి బీర్స్ అనే వజ్రాల కంపెనీ కోసం 1947లో రాసిన ప్రకటన. ల్యాబ్‌లో పెంచిన వజ్రమూ అదే కార్బన్, పరికరాలు లేకుండా ఉత్త కంటితో తేడా పట్టలేం. అరుదైతేనే విలువ అనుకున్నవాళ్లకు టెన్షన్ సహజం, నాకు మాత్రం ఇది మంచికే అనిపిస్తోంది.

ఎందుకంటే ఇప్పుడు నగ మళ్లీ రోజూ ఒంటి మీదికి వస్తోంది. సన్నటి గొలుసులు రెండు మూడు కలిపి వేసుకుంటున్నారు, టీషర్టు మీద ముత్యాలు, రెండు చెవులకూ వేర్వేరు కమ్మలు, అమ్మమ్మ ఉంగరం సైజు మార్పించుకుని ఆఫీసుకు. అలాంటి పాత ఉంగరం ఉంటే ఒకసారి తీసి చూడండి, అరచేతి వైపు పట్టీ సన్నబడి ఉంటుంది, ఆమె పట్టుకున్న ప్రతి గిన్నె, ప్రతి తలుపు కొంచెం కొంచెంగా అరగదీసిన చోటు అది. పాలిష్‌కు ఇచ్చేటప్పుడు, విరిగేంత పలచబడకపోతే, ఆ అరుగుదలను పూడ్చొద్దని చెప్పండి.