బంగాళాఖాతంలో సూర్యాస్తమయం

విశాఖపట్నం తూర్పు తీరంలో ఉందని చిన్నప్పుడు మా సోషల్ మాస్టారు చెప్పారు. సూర్యుడు సముద్రంలోంచి లేచి, సాయంత్రానికి కొండల వెనక్కి జారుకుంటాడని ఇన్నాళ్లూ నమ్మాను. ఊళ్లో ఫొటోగ్రాఫర్లు పెరిగాక ఆ నమ్మకం సడలింది. రుషికొండ, ఆర్కే బీచ్, తెన్నేటి పార్కు... ఎవరి ఫొటో చూసినా సూర్యుడు బంగాళాఖాతంలోనే మునుగుతున్నాడు. కింద ‘వైజాగ్ సన్‌సెట్’ అని ఉంటోంది. ఇంతమంది అబద్ధమాడరు కదా! పాఠ్యపుస్తకాలు సవరించాలని నా విన్నపం. అందాకా పరీక్షల్లో ఆ ప్రశ్న ఇవ్వకుంటే పిల్లలు బతికిపోతారు.

మా మేనల్లుడు ఈ సూర్యుణ్ని తిప్పే వర్గంలో ముఖ్యుడు. వాడికో సొంత స్టైలుంది. 499 రూపాయలకు కొన్నాడు. ఫొటో రంగులు మార్చే రెడీమేడ్ సరుకు, ప్రీసెట్ అంటారట. నొక్కితే సముద్రం నెమలికంఠం రంగుకీ, మనుషులు ఆవకాయ ఊట రంగుకీ తిరుగుతారు. ఎర్రమట్టి దిబ్బల దగ్గర తీసిన పెళ్లికూతురి మీద నొక్కితే, ఆవిడ దిబ్బల్లో కలిసిపోయింది. చీరని బట్టి పోల్చుకున్నాం. ‘‘ఇది నా సిగ్నేచర్, మావయ్యా’’ అన్నాడు. అదే సంతకం వాడి స్నేహితులు పదకొండుమంది పెడుతున్నారు. బ్యాంకులో అయితే పోలీసుల్ని పిలుస్తారు.

కార్టియే బ్రెసాన్ అనే ఫ్రెంచ్ ఫొటోగ్రాఫరు చాలావరకు ఒక్క 50 ఎంఎం లెన్సుతోనే జీవితం వెళ్లదీశాడు. ప్రీసెట్లు లేని రోజులు పాపం, ఎదురుగా ఏదో ఒకటి జరిగేదాకా కాచుక్కూర్చునేవాడు. మావాడికి ఆ అవస్థ లేదు. ‘‘క్యాండిడ్‌గా రావాలి మేడమ్. ఈసారి అనుకోకుండా నవ్వండి’’ అంటూ కుర్సురా సబ్‌మెరైన్ ముందు ఒక జంటని పదిహేడుసార్లు అనుకోకుండా నవ్వించాడు. 1969లో నేవీలో చేరి, 1971 యుద్ధం చూసి, 2002 నుంచి ఒడ్డున మ్యూజియంగా పడుకున్న జలాంతర్గామి అది. కాబట్టి తట్టుకుంది.

అయితే ఫొటోగ్రాఫరు వ్యక్తిత్వం పూర్తిగా బయటపడాలంటే బ్లాక్ అండ్ వైట్‌లో ఒక ముసలాయన కావాలి. అందుకు ఫిషింగ్ హార్బరుకి వెళ్లాలి. నేనూ వెళ్లాను, బ్యాగు మోయడానికి. చిరిగిన వల బాగుచేసుకుంటున్న పెద్దాయన మా కెమెరా చూడగానే సూది పక్కనపెట్టి, బీడీ ముట్టించి, కళ్లు చికిలించి దూరంగా సముద్రం కేసి చూశాడు.

‘‘చొక్కా ఉంచీమంటావా, తీసీమంటావా బాబూ? నిన్నొచ్చినోళ్లు తీసీమన్నారు.’’

పొగ సరిగ్గా పడలేదంటే విసుక్కోకుండా మళ్లీ వదిలాడు. మొత్తం వ్యవహారంలో కళాకారుడెవరయ్యా అంటే ఆయనే అంటాను. ఆ ఫొటోకి మావాడు ‘ఒంటరి’ అని పేరు పెట్టాడు. ఫ్రేముకి అవతల ఆయన ఇద్దరు కొడుకులు, ఓ మనవడు, వంతు కోసం నిలబడ్డ మరో నలుగురు ఫొటోగ్రాఫర్లు ఉన్నారు.

నిన్న రాత్రి ఉండబట్టలేక అడిగేశాను, ‘‘మన ఊళ్లో సముద్రం మీద సన్‌సెట్ ఎలా తీస్తున్నావురా?’’

వాడు కెమెరా బ్యాటరీ చార్జింగులో పెడుతూ, ‘‘రేపు ఇంకో సన్‌సెట్ షూట్ ఉంది మావయ్యా. తెల్లారుజామున నాలుగున్నరకి లేపెయ్’’ అన్నాడు.