ఏం కడతారో సరే, ఏం ఆపేస్తారో చెప్పమనండి

స్థానిక ఎన్నికలొస్తే చాలు, ప్రతి అభ్యర్థి కరపత్రంలోనూ రవాణా గురించి ఒక పేరా ఉంటుంది. ఒకాయన ఫ్లైఓవర్ అంటాడు, ఇంకొకాయన ఉచిత బస్సు అంటాడు, మూడో ఆవిడ సైకిల్ ట్రాక్ అంటుంది. వీటిని పక్కపక్కన పెట్టి మార్కులు వేసుకుంటూ కూర్చోవడం దండగ. కాగితం మీద అన్నీ బాగానే ఉంటాయి. అది చేయడానికి ఈ మనిషి ఏ ఖర్చు ఆపుతాడు, రోడ్డు మీద ఎవరి జాగా తీసుకుంటాడు, ఎవరి కోపానికి సిద్ధపడ్డాడు, నేనైతే ఇదే చూస్తాను.

రోడ్లు వెడల్పు చేస్తామనే వాళ్ల సంగతి త్వరగా తేల్చేద్దాం. అమెరికాలోని హ్యూస్టన్‌లో కేటీ ఫ్రీవే అనే హైవేను 2008 నాటికి విస్తరించారు, సర్వీసు రోడ్లతో కలిపి కొన్నిచోట్ల 26 లేన్లు. కొన్నేళ్లకే రద్దీ వేళల్లో ప్రయాణ సమయం మళ్లీ పెరిగింది.

అసలు కథ ఉచిత బస్సు దగ్గరుంది. ఎస్టోనియా రాజధాని టాలిన్‌లో 2013 నుంచి నగరవాసులకు టికెట్ లేదు. బస్సెక్కేవాళ్లు కొంత పెరిగారు, కానీ వాళ్లలో చాలామంది అంతకుముందు నడిచి వెళ్లినవాళ్లేనని, కార్లు పెద్దగా తగ్గలేదని పరిశీలనల్లో తేలింది. ఇప్పుడు ఫ్రాన్స్‌లోని డన్‌కిర్క్ చూడండి. 2014లో పాట్రిస్ వెర్గ్రియెట్ ఇదే ఉచిత బస్సు హామీతో మేయరయ్యాడు. అయ్యాక ఏం చేశాడంటే, పాత పాలకులు తలపెట్టిన పెద్ద అరీనాను, అంటే ఆటలకూ కచేరీలకూ కట్టే భారీ హాలును, రద్దు చేసేశాడు, ఆ డబ్బును బస్సుల వైపు మళ్లించాడు. టికెట్ తీసేసి ఊరుకోలేదు, రూట్లన్నీ తిరగరాసి ప్రధాన లైన్లలో పది నిమిషాలకో బస్సు పెట్టించాడు. 2018 సెప్టెంబరులో మొదలైతే ఏడాది తిరిగేసరికి వారాంతాల్లో ప్రయాణికులు రెట్టింపు దాటారు. అరగంటకో బస్సున్న చోట ఒకటి తప్పిపోతే ఆ రోజు ఆఫీసుకు ఆలస్యం ఖాయం, మరుసటి రోజు నుంచి జనం స్టాప్ వైపే చూడరు. పది నిమిషాలకోటి వస్తుంటే టైం టేబుల్ గుర్తుపెట్టుకునే టెన్షనే ఉండదు. కాబట్టి టికెట్ ధర ఒక్కటే చెప్పి బస్సు ఎంతసేపటికొకటి వస్తుందో చెప్పని అభ్యర్థి సగం హామీయే ఇస్తున్నట్టు లెక్క.

ఇలా నిజం చెబితే ఓడిపోతారు కదా అంటారు కొందరు. కొట్టిపారేసే మాటేం కాదు. 2023 జులైలో లండన్ అంచున ఉన్న అక్స్‌బ్రిడ్జ్ ఉపఎన్నికలో లేబర్ పార్టీ 495 ఓట్లతో ఓడితే, పాత వాహనాల మీద వేసే కాలుష్య రుసుమును నగర శివార్లకూ పాకించాలన్న ప్లానే ముంచిందని సొంత పార్టీ పెద్దలే మేయర్ సాదిక్ ఖాన్ మీద పడ్డారు. ఆయన వెనక్కి తగ్గలేదు, ఆగస్టులో ఆ రుసుమును లండన్ అంతటికీ విస్తరించాడు. 2024 మేలో మళ్లీ గెలిచాడు.

నాకు ఇంతకన్నా ఒళ్లు మండే విషయం ఇంకోటుంది. ఈ హామీల్లో చాలావరకు ఇచ్చేవాళ్ల చేతిలోనే ఉండవు. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు, బస్సులు ఒకరివి, రోడ్డు ఇంకొకరిది, పోలీసు మరొకరి కింద, వాగ్దానం మాత్రం మన వార్డు అభ్యర్థిది. ఇంగ్లండ్‌లో లండన్ బయట 1986లో బస్సుల్ని ప్రైవేటు కంపెనీలకు వదిలేశారు. ఏ రూటు నడపాలో, ఎంత వసూలు చేయాలో చాలావరకు వాళ్ల ఇష్టం. అప్పట్నుంచి మీ వీధికి బస్సు తెప్పిస్తానన్న కౌన్సిలర్ చేయగలిగింది ఆ కంపెనీని బతిమాలడమో, ఎదురు డబ్బిచ్చి నడిపించుకోవడమో, అంతే. మాంచెస్టర్ ప్రాంతం దాన్ని తిరగదోడాలంటే 2017లో కొత్త చట్టం రావాల్సి వచ్చింది, ఆపరేటర్లు కోర్టుకెళ్లారు, ఓడిపోయారు, చివరి బస్సు కూడా ప్రభుత్వ అదుపులోకి వచ్చేసరికి 2025 జనవరి. అక్కడ కౌన్సిలర్ పదవీకాలం నాలుగేళ్లు. వంద రోజుల్లో బస్సులు మార్చేస్తానని మీ గుమ్మం దాకా వచ్చిన అభ్యర్థిని, ఆ సంతకం పెట్టే అధికారం ఎవరి దగ్గరుందో, వాళ్లని ఇప్పటిదాకా ఎన్నిసార్లు అడిగారో చెప్పమనండి.