ట్యాంకు వెనక తలుపు ఎవరి కోసం?

నల్లగొండలో తెల్లవారకముందే కాలేజీ మైదానం చుట్టూ పరుగెత్తే పిల్లల్లో సగం మందికి సైన్యంలో చేరాలన్న కోరిక. నేను మెకనైజ్డ్ ఇన్‌ఫాంట్రీలో, అంటే కవచం ఉన్న బండ్లలో వెళ్ళి పోరాడే పదాతి దళంలో, పదిహేడేళ్ళు పనిచేసి వచ్చానని తెలిసి, ఆపి ఏదో ఒకటి అడుగుతూ ఉంటారు. ఈ నెలంతా ఒకటే ప్రశ్న. వాళ్ళ ఫోన్లలో తిరుగుతున్న ఒక సందేశం దానికి కారణం.

సందేశంలో ఉన్నది ఇది. ఇజ్రాయెల్ వారి మెర్కావా ట్యాంకు లోపల పదిమంది సైనికులు కూర్చుని యుద్ధానికి వెళ్తారట. మన అర్జున్ ట్యాంకుకు కూడా వెనక ఒక తలుపు పెడితే, జవాన్లను మోసే బి.ఎం.పి. బండ్ల అవసరమే ఉండదట, డబ్బు మిగులుతుందట. పలచటి రేకు బండిలో జవాన్లను పంపే కన్నా మందపాటి కవచం వెనక కూర్చోబెట్టడం మేలట. మొదటి ప్రపంచ యుద్ధంలోనే చేసిన పని ఇప్పుడు చేతకాదా అని చివర ఒక ఎత్తిపొడుపు. కింద ఒక ఫోటో: ఇనప బండి వెనక నుంచి దిగుతున్న సైనికులు.

పూర్తి అబద్ధమైతే ఒక్క మాటతో కొట్టిపారేయవచ్చు. ఇది సగం నిజం. అందుకే ఇంత రాయవలసి వస్తోంది.

ముందు మెర్కావా సంగతి. దానికి వెనక తలుపు ఉన్న మాట నిజం. 1973లో అరబ్ దేశాలతో జరిగిన యుద్ధంలో ట్యాంకు సిబ్బందిని పెద్ద సంఖ్యలో పోగొట్టుకున్న దేశం అది. అందుకే, 1979లో సైన్యంలోకి వచ్చిన మెర్కావాలో ఇంజన్‌ను ముందు భాగంలో పెట్టారు. ముందు నుంచి వచ్చే దెబ్బకు కవచంతో పాటు ఇంజన్ కూడా అడ్డు నిలుస్తుంది. దాంతో వెనక కొంత చోటు దొరికింది, తలుపు పెట్టే వీలూ కలిగింది. ఆ తలుపు గుండ్లు ఎక్కించడానికి, బండి దెబ్బతింటే సిబ్బంది శత్రువు కంట పడకుండా వెనక నుంచి దిగిపోవడానికి.

మరి ఆ చోటు ఖాళీగా ఉంటుందా? ఉండదు. మెర్కావా నాలుగో రకంలో 48 గుండ్లు పడతాయి. వాటిలో పది టరెట్‌లో, అంటే ఫిరంగి అమర్చి చుట్టూ తిరిగే పై భాగంలో, చేతికి అందేలా ఉంటాయి. మిగిలినవి వెనక, మంటకు తట్టుకునే పెట్టెల్లో. మనుషులు ఎక్కాలంటే ఆ పెట్టెలు దిగాలి. మన ఊళ్ళలో యూరియా బస్తాలతో నిండిన ట్రాలీని చూసి, దీనిలో ఇరవై మంది కూలీలు పడతారని ఒకరు అంటే ఏమంటాం? పడతారు, బస్తాలు దించితే. మరి బస్తాల కోసం కదా ట్రాక్టరు కట్టింది! గుండ్లు దించిన మెర్కావాలో కొద్దిమంది ఇరుక్కుని కూర్చోగలరు. గాయపడ్డ వారిని అలా వెనక్కి తెచ్చిన సందర్భాలున్నాయి. వైద్య సామగ్రి అమర్చిన మెర్కావాలు కూడా ఉన్నాయి. అది ఆపద వేళ పని. దాన్ని రోజువారీ రవాణాగా చూపించడం దగ్గర సందేశం అబద్ధమైంది.

దీనికి సాక్ష్యం ఇజ్రాయెల్ సైన్యమే ఇచ్చింది. 2014 జులైలో గాజాలో ఎం-113 అనే పాత, పలచటి బండిపై రాకెట్ పడి ఒకేసారి ఏడుగురు సైనికులు చనిపోయారు. మెర్కావాలే పదాతి దళాన్ని మోయగలిగితే ఆ ఏడుగురు ఎం-113లో ఎందుకు ఉన్నారు? ఆ ఘటన తర్వాత వారు మెర్కావాలలోకి సైనికులను ఎక్కించలేదు, నమేర్ అనే బండ్లను మరిన్ని చేయించుకున్నారు. నమేర్ అంటే మెర్కావా చట్రమే, టరెట్ తీసేసినది. ముగ్గురు సిబ్బంది, తొమ్మిది మంది సైనికులు. సందేశంలోని ఫోటోను పెద్దది చేసి చూడమని పిల్లలకు చెప్పాను. పైన ట్యాంకు ఫిరంగి లేదు, టరెట్ లేదు. అది నమేర్.

ఫిరంగిని పక్కన పెడితే గానీ మనుషులకు చోటు రాదన్నది కొత్త సంగతి కూడా కాదు. 1944లో నార్మండీలో కెనడా వారు ట్యాంకు చట్రం మీద కట్టిన శతఘ్ని బండ్ల నుంచి ఫిరంగులు పీకి సైనికులను ఎక్కించారు, ఆ తర్వాత రామ్ అనే ట్యాంకుల టరెట్లు తీసి వాడారు. కంగారూ అని వాటికి పేరు. ఇజ్రాయెల్ వారే, యుద్ధాల్లో చిక్కిన టి-55 ట్యాంకులను అఖ్జరిత్ అనే బండ్లుగా మార్చినప్పుడు టరెట్ తీసేశారు, ఇంజన్‌ను చిన్నదిగా మార్చి పక్కనుంచి వెనక్కి దారి వదిలారు.

ఇక అర్జున్‌కు తలుపు పెట్టడం. అర్జున్ ఇంజన్ వెనక భాగంలో ఉంది. తలుపు తెరిస్తే ఎదురయ్యేది ఇంజనే. టి-90 ఇంకా ఇరుకు. ముగ్గురే సిబ్బంది. టరెట్ కింద 22 గుండ్లను పేర్చుకుని తిరిగే యంత్రం, దాని వెనక ఇంజన్. మన సైన్యంలో ఎక్కువ ట్యాంకులు టి-72, టి-90 రకాలే. ఇంజన్‌ను ముందుకు తేవాలంటే డ్రైవర్ చోటు, గేర్ల పెట్టె, బరువు పంపకం అన్నీ మారాలి. అప్పుడది తలుపు పెట్టిన అర్జున్ కాదు, వేరే ట్యాంకు. ఉక్రెయిన్ వారు మరో దారి పట్టి చూశారు. టి-84ను పొడవు పెంచి, అయిదుగురు సైనికులు పట్టేలా బి.టి.ఎం.పి.-84 చేశారు. నమూనా దగ్గరే ఆగిపోయింది. అర్జున్ కొత్త రకం ఇప్పటికే 68 టన్నులు. పంజాబ్ కాలువల మీది వంతెనలు తలచుకుంటే దానికి ఇంకొక గది కలపమని ఎవరూ అడగరు.

డబ్బు మిగులుతుందన్న మాటకు చిన్న లెక్క చాలు. ఒక స్క్వాడ్రన్‌లో, అంటే ఒక ట్యాంకుల దళంలో, 14 ట్యాంకులు. ఒక్కోదానిలో నలుగురిని కుక్కినా 56 మంది. ఒక పదాతి కంపెనీలో వందకు పైనే ఉంటారు, మిగిలిన వారికి వేరే బండ్లు కొనక తప్పదు. పైగా ఆ 14 ట్యాంకుల గుండ్లు సగం ఇంటి దగ్గరే వదిలి రావాలి.

మందపాటి కవచం మేలన్న వాదన మీద నాకు కొంచెం కోపం ఉంది, ఎందుకంటే ఇది వినడానికి జవాను మీద ప్రేమలా ఉంటుంది. శరత్ అని మనం పిలిచే బి.ఎం.పి.-2 వెనక నేను ఏళ్ళ తరబడి కూర్చున్నాను. మన ఎద్దుమైలారం కర్మాగారంలోనే తయారైన బండి. ముగ్గురు సిబ్బంది, ఏడుగురు జవాన్లు. ఆ ఏడుగురిలో ఒకరు డ్రైవర్ వెనక, ఆరుగురు వెనక గదిలో వీపుకు వీపు ఆనించి. మధ్యలో డీజిల్ ట్యాంకు. వెనక తలుపుల్లో కూడా డీజిలే. కవచం పలచనన్నదీ నిజమే. ఆ బండిని పొగడాలని నాకేమీ లేదు. కానీ ట్యాంకులో కూర్చోబెడితే డీజిల్ బదులు ఫిరంగి మందుగుండు మధ్య కూర్చుంటాం. ఉక్రెయిన్‌లో 2022 నుంచి టి-72 టరెట్లు గాలిలోకి లేచిపోయిన దృశ్యాలను ఈ పిల్లలందరూ చూశారు. లోపలి గుండ్లు అంటుకుంటే జరిగేది అదే.

అసలు చిక్కు కవచంలో కూడా లేదు, పనిలో ఉంది. ట్యాంకుకు రెండు కిలోమీటర్ల దూరం నుంచి కొట్టే శక్తి ఉంది, వీలైనంతవరకు అది ఆ దూరాన్ని వదులుకోదు. జవాను కందకం దాకా వెళ్ళాలి, దగ్గర్లో దిగాలి. మమ్మల్ని దించడానికి ట్యాంకు కందకం దగ్గరకు వస్తే తన బలాన్ని తానే పారేసుకున్నట్టు. దూరంలోనే దించితే, మిగిలిన దూరం మేం గుళ్ళ వానలో నడవాలి. ఇంకొకటి. కవచాన్ని ఛేదించే గుండు గొట్టం దాటగానే దాని చుట్టూ ఉన్న తొడుగు ముక్కలుగా విడిపోయి ముందుకు ఎగురుతుంది. ట్యాంకు ముందు నడిచే మన జవానుకే అది ప్రమాదం. శత్రువు కూడా అందరికన్నా ముందు ఏరి కొట్టేది ట్యాంకునే. శరత్ ఈదుతూ కాలువ దాటుతుంది, ఫిరంగి చిన్నది, మమ్మల్ని దించి పక్కకు తప్పుకుంటుంది. దాని పని అది.

మొదటి ప్రపంచ యుద్ధం మాట కూడా సగమే చెప్పారు. బ్రిటిష్ వారు మార్క్ 5 ట్యాంకును ఆరు అడుగుల మేర పొడిగించారు. ముఖ్యంగా వెడల్పాటి కందకాలు దాటడానికి. 1918 ఆగస్టులో అమియెన్స్ వద్ద వాటిలో మెషిన్‌గన్ బృందాలను ఎక్కించారు. ఇంజన్ కూడా అదే గదిలో. పొగకు, వేడికి వాళ్ళు దిగేసరికి పోరాడే స్థితిలో లేరు. ఆ యుద్ధం ముగిసేలోగా బ్రిటిష్ వారే ముప్పై మందిని మోసే మార్క్ 9ని వేరుగా కట్టించారు. దానికి ఫిరంగి లేదు.

ఇదంతా విని ఒక అబ్బాయి, 'పోనీ సార్, లోపల వద్దు, పైన కూర్చుని వెళ్ళవచ్చు కదా, రష్యా వాళ్ళు వెళ్ళారు కదా?' అన్నాడు. రెండో ప్రపంచ యుద్ధంలో టి-34 మీద పట్టుకోవడానికి కమ్మీలు కూడా అతికించారు, నిజమే. అతని ఫోనులోనే టి-90 బొమ్మ తీయించి, టరెట్ ముందు పేర్చిన ఇటుకల్లాంటి పెట్టెలు చూపించాను. గుండు తగలగానే ఎదురు పేలడానికి వాటిలో మందు నింపి ఉంటుంది. వాడు ఆ పెట్టెలు ఎన్నున్నాయో లెక్కపెట్టడం మొదలుపెట్టాడు.