రీకాల్ నోటీసు గారూ, మా వైపు ఎప్పుడొస్తారు?

అమ్మిన వస్తువు ప్రమాదకరమని తేలితే వాడొద్దు, వెనక్కి ఇచ్చేయండి అని జనాన్ని హెచ్చరించే రీకాల్ నోటీసు గారికి నమస్కారాలు.

మీరు మమ్మల్ని ఎరగరు. మాలాంటి అభివృద్ధి చెందుతున్న దేశాల వైపు మీరు రావడమే తక్కువ కదా. మీరు ఏ వస్తువు గురించి పుట్టారో ఆ వస్తువు మాత్రం ఎప్పుడో వచ్చేసింది, ఓడరేవులన్నీ దాటుకుని, ఎవరినీ అడక్కుండా, పైగా డిస్కౌంట్‌లో. వస్తువుకు అడ్డురాని వీసా దాని గురించి చెప్పే హెచ్చరికకే ఎందుకు అడ్డొచ్చిందో కాస్త సెలవిస్తారా?

డబ్బున్న దేశాల్లో మీకు జరిగే మర్యాదలు చూస్తే మాకు అసూయ. యూరప్‌లో సేఫ్టీ గేట్ అని మీకోసమే ఒక వ్యవస్థ, ఒక దేశంలో ప్రమాదకరమైన బొమ్మ దొరికితే మిగతా దేశాలన్నింటికీ కబురు వెళ్లిపోతుంది. అమెరికాలో 1972 నాటి చట్టంతో వస్తువుల భద్రత చూడటానికి ఏకంగా ఒక కమిషన్. వివిధ దేశాల రీకాల్స్‌ని ఒకేచోట వెతుక్కునేలా, ఎక్కువగా ధనిక దేశాలుండే ఆర్థిక సహకార కూటమి ఓఈసీడీ వాళ్లు 2012లో ఆన్‌లైన్ పోర్టల్ కూడా పెట్టారు. దాన్ని ఎవరైనా చూడొచ్చు, మా కస్టమ్స్ ఆఫీసర్ కూడా చూడొచ్చు. కాకపోతే చూడమని ఆయనకి ఎవరూ చెప్పలేదు, చూసినా కంటెయినర్ ఆపే అధికారం తనకుందో లేదో ఆయనకే అనుమానం, ధైర్యం చేసి ఆపినా పరీక్ష చేయించడానికి ల్యాబ్ ఎక్కడుందో వెతుక్కోవాలి, ఈలోగా దిగుమతిదారు తరఫున ఫోన్లు మొదలవుతాయి.

మీరు మనిషిని బట్టి మర్యాద చేస్తారని ఊరికే అనడం లేదు. 2016లో ఐకియా వాళ్ల సొరుగుల బీరువాలు గోడకు బిగించకపోతే ముందుకు పడిపోయి పిల్లలు చనిపోయారని అమెరికాలో సుమారు 2 కోట్ల 90 లక్షల బీరువాలకు మీరు వెళ్లారు, కెనడాకూ వెళ్లారు. చైనాకు మాత్రం వెళ్లలేదు. అక్కడి మీడియా, అధికారులు గట్టిగా నిలదీశాక రెండు వారాల్లో పరుగెత్తుకెళ్లారు. అదే బీరువా, అదే సొరుగు, పిల్లలు ఎక్కే తీరూ అదే. మరి నిలదీసే శక్తి లేని చిన్న దేశం సంగతేంటి సార్?

సరే, బీరువా పెద్దది, కళ్లకు కనిపిస్తుంది. బటన్ బ్యాటరీ తీసుకోండి. మెరిసే బొమ్మలో, చిన్న రిమోట్‌లో, పాట పాడే గ్రీటింగ్ కార్డులో ఉండే ఆ గుండ్రటి బిళ్ల. పిల్లాడు మింగితే అది అన్నవాహికలో ఇరుక్కుంటుంది, అక్కడి తడి తగిలి కరెంటు పారుతుంది, దాంతో పుట్టిన క్షారం కండను లోపలి నుంచే కాల్చేస్తుంది. రెండు గంటలు చాలు. ఎక్స్‌రేలో నాణెంలా కనిపిస్తుంది కాబట్టి డాక్టర్ కూడా పొరబడొచ్చు. దీనికి మందు చాలా సింపుల్: మూతకు ఒక స్క్రూ. స్క్రూడ్రైవర్ లేకుండా తెరుచుకోకూడదన్న నిబంధన ఉన్నచోట ఆ స్క్రూ ఉంటుంది, లేనిచోట మూత గోరుతో జరిపితే ఊడొస్తుంది. ఆ స్క్రూ మిగుల్చుకుని కంపెనీ ఎంత వెనకేసుకుందో మాత్రం ఏ నోటీసులోనూ రాయరు.

పాపం, పూర్తిగా మీ తప్పే అనలేను. మీరు రావాలంటే ముందు ఎవరో ఒకరు ప్రమాదాన్ని లెక్కపెట్టాలి. మా ఆసుపత్రి రిజిస్టర్‌లో 'కాలిన గాయం' అని ఉంటుంది, అంతే. ఏ వస్తువు వల్ల, ఏ మోడల్, ఎక్కడ కొన్నారు? ఆ గడే లేదు. అమెరికా వాళ్లు దేశమంతా లెక్కపెట్టరు, సుమారు 100 ఆసుపత్రుల్లో గాయంతో పాటు వస్తువు పేరు కూడా రాసుకుని మొత్తం పరిస్థితి అంచనా వేస్తారు. అంటే రిజిస్టర్‌లో ఒక గడి గీసి, అది నింపే మనిషికి జీతమివ్వాలి. మేము మాత్రం ప్రమాదం జరిగాక కమిటీ వేస్తాం, దొంగలు పడ్డ ఆరునెలలకు కుక్కలు మొరిగినట్టు.

కాగితాలకు లోటు లేదు లెండి. ప్రమాదం బయటపడితే తయారీదారే ప్రభుత్వానికీ, జనానికీ వెంటనే చెప్పాలని ఐక్యరాజ్యసమితి మార్గదర్శకాలు 1985లోనే అన్నాయి. ప్రమాదకరమని తెలిసిన వస్తువులు సరిహద్దులు దాటకుండా చూడాలని 2020లో ఆ సమితి వాణిజ్య, అభివృద్ధి విభాగమైన అంక్టాడ్ సమావేశం సిఫారసు కూడా చేసింది. సిఫారసు చేస్తే ఆగిపోయేంత మర్యాదస్తులా ఎగుమతిదారులు? దిగుమతిదారు పేరు, బ్యాచ్ నంబర్ లేనిదే సరుకు దిగకూడదని చట్టం రావాలి, పక్క దేశం ఆపినదాన్ని మనమూ ఆపే అధికారం రేవులో కూర్చున్న మనిషికి ఉండాలి, ఆన్‌లైన్‌లో తీసేసిన వస్తువు మర్నాడు ఇంకో పేరుతో ప్రత్యక్షమైతే ఆ ప్లాట్‌ఫామ్‌కి ఫైన్ పడాలి. ఇవేమీ లేకుండా మీరొచ్చినా ఏ గుమ్మం తడతారు?

అయినా రండి. వచ్చేటప్పుడు 'ముందుజాగ్రత్త చర్యగా స్వచ్ఛందంగా' లాంటి మెత్తటి మాటలు ఇంట్లో పెట్టి రండి, అవి చదివితే ప్రమాదం ఉందో లేదో అర్థం కాదు. మా భాషలో రాయండి, వస్తువు ఫొటో పెట్టండి, వాడటం ఆపమని మొదటి లైన్‌లోనే చెప్పండి. డబ్బు వాపసు ఎవరిస్తారో, బిల్లు పోగొట్టుకున్నవాళ్లకీ ఇస్తారో లేదో కూడా అక్కడే రాయండి.

ఇట్లు,
మీరు వెనక్కి పిలిచిన వస్తువును ఇంకా వాడుతున్న వినియోగదారుడు